సైకిలునకు దారి యేది?

రహదారి యెవరి సొత్తు? ఈ ప్రశ్నకు సమాధానము సులభముగనే తోచును. అది ప్రజల సొత్తు. ప్రజల పన్నులతో వేయబడినది. ప్రజల రాకపోకలకై యున్నది. కాని మన పట్టణములలో నే పెద్దవీధియందైనను గడియసేపు నిలిచి చూచినవారికి ఈ సమాధానము మాటవరుసకు మాత్రమే నిజమని తెలియగలదు. వీధి నడిమి భాగము పరుగెత్తు మోటారుది. అంచు భాగము నిలిపియుంచిన మోటారుది. ఆ రెంటి నడుమ మిగిలిన సందులో సైకిలువాడు ప్రాణము లరచేత బట్టుకొని పోవుచుండును. వెనుక లారీ కూత, ప్రక్కను హఠాత్తుగ తెరచుకొను కారు తలుపు, ముందు మురుగుకాలువ గుంత. ఇవి వానికి నిత్యసహచరములు. ఇది దైవికముగ నేర్పడిన స్థితి కాదు. మనుష్యులు చేసిన పంపకము. మనుష్యులు చేసిన పంపకమును మనుష్యులే సరిదిద్దవచ్చును. సైకిలునకు ప్రత్యేకమైనదియు, ఎడతెగనిదియు, నిరపాయమైనదియు నగు బాట తెలుగు పట్టణములన్నిటను ఏర్పడవలెనని కోరుటకే నేడు ఈ విషయమును చేపట్టితిమి.

2011 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము దేశమున నూరు కుటుంబములలో సుమారు 45 కుటుంబములకు సైకిలు కలదు. మోటారుతో నడచు ద్విచక్రవాహనము గల కుటుంబములు నూటికి 21. కారుగాని జీపుగాని గలవి నూటికి అయిదైనను లేవు. సేద్యమును, ఇంటి పరిశ్రమలను విడిచి తక్కిన వృత్తులలో నున్న సుమారు 20 కోట్ల మందిలో నాలుగున్నర కోట్ల మంది పనికి నడచి పోవుచుండిరి. 2 కోట్ల 60 లక్షల మంది సైకిలుపై పోవుచుండిరి. ఆ తరువాత మోటారు ద్విచక్రవాహనములు మిక్కిలి పెరిగిన మాట నిజమే. కాని ఆ లెక్కలు తీసిన నాటికి గూడ, కారు గల యైదుగురి సౌఖ్యమునకు ఇచ్చిన గమనికలో పదియవ వంతైనను సైకిలు గల నలువదియైదుగురి క్షేమమున కిచ్చిన పట్టణమును మేమెరుగము. కావున సైకిళ్ళు తగ్గుటచే దారి లేకపోయినదనుట సరికాదు. దారి లేకపోవుటయే సైకిళ్ళు తగ్గుటకు ముఖ్యకారణములలో నొకటి యని మా యభిప్రాయము.

ఈ సైకిలువారెవరు? వేకువనే పాలు పోయువాడు, వార్తాపత్రికలు పంచువాడు, తాపీపనికి పోవు మేస్త్రి, రాత్రికావలి ముగించుకొని యిల్లు చేరు కాపలాదారు, దుకాణములో గుమాస్తా, పొరుగూరి యున్నత పాఠశాలకు పోవు బాలిక. వీరు సంఘములుగ నేర్పడి విన్నపములు వ్రాయరు. మంత్రుల దర్శనమునకు పోరు. మోటారు గలవాడు రోడ్డుపై గుంత పడినదని యెలుగెత్తినచో మరునాడే అధికారి కదలును. సైకిలువాడు గుంతలో పడినచో వానిదే పొరపాటని లోకము తీర్పు చెప్పును. నోరులేనివారి పక్షమున మాటాడుట ప్రజాభిప్రాయమును ప్రకటించువారి ప్రథమ కర్తవ్యము గనుక ఈ విన్నపము వారి పక్షమున మేమే చేయుచున్నాము.

ఒకప్పుడు మన పట్టణములలో గంటకింత యని సైకిళ్ళను అద్దెకిచ్చు దుకాణము లేని పేట యుండెడిది కాదు. ఆ దినములలో స్థానిక సంస్థలు సైకిలునకు పన్ను కట్టించుకొని బిళ్ళ నిచ్చుచుండెను. రాత్రివేళ దీపము లేకున్నను, ఒకే సైకిలుపై నిద్దరెక్కినను అపరాధ రుసుము వసూలగుచుండెను. అనగా సైకిలువాని బాధ్యతలను మన పాలకులు బాగుగనే గుర్తించిరి. వాని హక్కును గుర్తించుట మాత్రము మరచిరి. పన్ను పోయినది, బిళ్ళ పోయినది, అద్దె దుకాణములు పెక్కు మూతపడినవి. దారి మాత్రము రాలేదు.

దీని ఫలితమెట్టిదో కేంద్ర ప్రభుత్వమువారి లెక్కలే చెప్పుచున్నవి. 2022వ సంవత్సరమున దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వీరిలో పాదచారులు 32,800 మందికి మించిరి. సైకిలువారు 4,800 మందికి మించిరి. దినమునకు పదుముగ్గురు సైకిలువారు ఇల్లు విడిచి మరల ఇల్లు చేరకుండిరన్నమాట. ఒక రైలు బోల్తాపడి పదుముగ్గురు మరణించినచో విచారణ సంఘము కూర్చుండును, పరిహారము ప్రకటింపబడును, శాసనసభలలో ప్రశ్నలు పుట్టును. ప్రతిదినమును పదుముగ్గురు వేరువేరు ఊళ్ళలో వేరువేరుగ మరణించుచున్నందున, ఇది లోకసహజమని ఊరకున్నాము. మరణము చెదరిపోయినంత మాత్రమున దుఃఖము తగ్గునా?

ఈ మరణములు కేవలము అజాగ్రత్త వలన కలుగునవి కావు. దీనికొక భౌతిక కారణము గలదు. వేగము పెరిగినకొలది దెబ్బ తీవ్రత అంతకు మించి పెరుగును. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు తగులుటకంటె, 65 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు తగిలినప్పుడు పాదచారి మరణించు అవకాశము నాలుగున్నర రెట్లుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. సైకిలువానికిని పాదచారికిని ఈ విషయమున భేద మల్పము. ఇద్దరిని కాపాడు ఇనుపగోడ లేదు. మనిషి పొరపడుట సహజము. పొరపడినవాడు ప్రాణము కోల్పోకుండ దారిని నిర్మించుట రోడ్డు వేయువారి ధర్మము. వేగము ఎక్కువైన చోట సైకిలును వేరుపరచవలెను. వేరుపరచుటకు వీలులేని చోట వేగమును తగ్గింపవలెను. తక్కిన వన్నియు ఈ రెండు సూత్రముల వివరణములే.

ఈ సూత్రములు క్రొత్తవి కావు, విదేశముల నుండి నేడు దిగుమతియైనవియు కావు. మన దేశపు రహదారి యింజనీర్ల సంస్థయగు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1962 నాడే సైకిలు బాటల నిర్మాణమునకు నియమావళిని ప్రకటించిరి. రద్దీ వేళ గంటకు 400 సైకిళ్ళును, నూరు మొదలు రెండు వందల వరకు మోటారు వాహనములును పోవు రోడ్డున కంతకును ప్రత్యేకమైన సైకిలు బాట యుండవలెనని అందు గలదు. మోటారు వాహనములు గంటకు 200కు మించినచో, నూరు సైకిళ్ళున్నను బాట వేయుట న్యాయమే యని గూడ గలదు. నేడు మన జిల్లా కేంద్రములలో గంటకు 200 మోటారు వాహనములు మాత్రమే పోవు పెద్దవీధి యెచ్చట గలదు? ఆ నియమమును నాటినుండి పాటించియున్నచో తెలుగు పట్టణములలో వందలకొలది కిలోమీటర్ల సైకిలు బాట యీపాటికే యుండవలసినది. ఆ నియమావళిని 2015లో మరల సవరించిరి. గ్రంథము సవరింపబడినది, వీధి సవరింపబడలేదు.

2006లో కేంద్ర ప్రభుత్వమువారు జాతీయ పట్టణ రవాణా విధానమును ప్రకటించిరి. వాహనములను గాక మనుష్యులను తరలించుటయే పట్టణ రవాణాకు లక్ష్యమని అందు స్పష్టముగ వ్రాసిరి. 2019లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణ వలన రోడ్డు నిర్మాణ ప్రమాణములను పాటింపక మరణమునకో అంగవైకల్యమునకో కారకులైన వారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. పాదచారులకు, సైకిలు వంటి వాహనములకు సంబంధించిన నియమములను చేయు అధికారమును గూడ ఆ సవరణ రాష్ట్ర ప్రభుత్వముల కిచ్చినది. ఆ నియమములను ఆరు మాసములలో ప్రకటింపవలెనని 2025 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానమువారు రాష్ట్రములన్నిటిని ఆదేశించిరి. ఇంజనీర్ల నియమము గలదు, ప్రభుత్వ విధానము గలదు, చట్టము గలదు, న్యాయస్థానపు ఆజ్ఞ గలదు. కొరవడినది సంకల్పము. ఆ సంకల్పము పైనుండి దిగి రాదు. స్థానిక ప్రజల కోరిక వలననే పుట్టవలెను.

తెలుగుదేశమున ఏమియు జరుగలేదని చెప్పుట న్యాయము కాదు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కను 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున సైకిలు బాటను వేసి, దానిపై సౌరఫలకములను కప్పుగ పరచి, 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభించిరి. ఆ కప్పు నీడ నిచ్చుటయే గాక 16 మెగావాట్ల విద్యుత్తు నుత్పత్తి చేయగలదు. ఇట్టి ప్రయత్నమును మెచ్చుకొనవలసినదే. 2020లో కేంద్ర ప్రభుత్వమువారు సైకిలునకు పట్టణములను అనుకూలపరచుటకై పోటీ నడపినప్పుడు బహుమాన మందిన పదునొకండు నగరములలో మన ఓరుగల్లు ఒకటి. ఆ నగరమునకు కోటి రూపాయల బహుమాన మీయబడినది. తెలుగువారికి శక్తి లేదని గాని, నేర్పు లేదని గాని ఎవరును అనజాలరు.

కాని ఒక్క సంగతిని స్నేహభావముతోనే చెప్పవలసియున్నది. బాహ్యవలయ రహదారి ప్రక్కనున్న బాట నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతములలో నున్నది. వ్యాయామమునకై వేకువను సైకిలు త్రొక్కువారికి అది చక్కని వసతి. కోఠిలో గుమాస్తాపని చేయువానికి, సికింద్రాబాదులో సామానులు మోయువానికి, పాతబస్తీలో బడికి పోవు పిల్లవానికి అది యేమి చేయగలదు? ఆ బాటను చేరుటకు ముందు అపాయకరమైన వీధులను దాటవలసినవానికి ఆ నీడ దూరపు కొండల నునుపు వంటిదే. సైకిలు బాట ఉద్యానవనము వంటి అలంకారము కాదు. అది మంచినీటి గొట్టము వంటిది. గొట్టము ఊరి వెలుపల ఎంత అందముగ నున్నను ఇంటి గుమ్మము వరకు రానిచో దాహము తీరదు. ప్రజలు ఇప్పటికే యెచ్చటికి పోవుచున్నారో అచ్చటికి, అనగా బడికి, బజారునకు, పనిచోటునకు, బస్సు నిలయమునకు, రైలు స్టేషనునకు బాట పోవలెను. మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

రెండవ సంగతి యేమనగా, బాట తెగిపోరాదు. కొన్ని నగరములలో రోడ్డు అంచున రంగుగీత గీసి సైకిలు బొమ్మ వేసి, బాట వేసితిమని ప్రకటించుచున్నారు. మరునాటికి ఆ గీతపై కారులు నిలుచును. మూడవనాటికి తోపుడుబండ్లు వచ్చును. కూడలి చేరునప్పటికి గీతయే మాయమగును. కూడలియందే అపాయము మెండు. అచ్చటనే బాట లేనిచో తక్కిన చోట నున్న ప్రయోజనమేమి? నడుమ గండి పడిన కాలువ క్రింద ఆయకట్టు తడియదని రైతునకు వేరుగ చెప్పవలయునా? స్పెయిను దేశమునందలి సెవిల్ నగరమువారు ఈ రహస్యమును గ్రహించిరి. 2006 మొదలు 2010 వరకు నగరమంతటను ఒకదానితో నొకటి కలిసియుండునట్లు నూరు కిలోమీటర్లకు పైగా బాటలు వేసిరి. మోటారు నుండి వేరుచేయు గట్టును గూడ అమర్చిరి. లెక్కకు రానంత స్వల్పముగ నుండిన సైకిలు ప్రయాణము లచ్చట కొలది సంవత్సరములలోనే పలు రెట్లు పెరిగినవి. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండలు గల నగరమది. కావున మన యెండలు సైకిలునకు పనికిరావను మాటకు అదియే సమాధానము. ఎండకు మందు చెట్టు. బాట ప్రక్కను వేపయు, కానుగయు నాటుట మన పూర్వుల కెరుగని విద్య కాదు.

సైకిళ్ళ దేశమని పేరు పొందిన నెదర్లాండ్సు గూడ పుట్టుకతోనే అట్టిది కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చటను మోటారునకే వీధుల నప్పగించిరి. 1971లో రోడ్డు ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400 మందికి మించి బాలబాలికలు. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చిరి. పిల్లల హత్యను ఆపుడని ఎలుగెత్తిరి. 1973లో చమురు కొరత ఏర్పడుటతో పాలకులును మేలుకొనిరి. ఏండ్ల తరబడి పాటుపడి దారులను మార్చిరి. 2023లో అచ్చటి రోడ్డు మరణములు ఏడు వందలకు లోబడినవి. అపాయము పూర్తిగ తొలగలేదు గాని, తగ్గింపవచ్చునని ఋజువైనది. అచ్చటి సైకిలు దేశస్వభావము కాదు. పౌరుల పట్టుదలకు ఫలము.

మన వీధులు ఇరుకు గనుక సైకిలు బాటకు చోటు లేదని కొందరు ఆక్షేపింతురు. రెండు సైకిళ్ళు ప్రక్కప్రక్కను పోవుటకు రెండు మీటర్ల వెడల్పు చాలును. ఒక కారు నిలుపుటకు కావలసిన వెడల్పును దాదాపు అంతియే. పెద్దవీధికి ఒక ప్రక్కను దినమంతయు కదలక నిలుచు కార్లకు చోటు దొరకినప్పుడు, అదే చోటున నిముసమున కిందరు పోవు సైకిళ్ళకు చోటు లేదనుట ఏమి న్యాయము? చోటు లేదన్న మాట నిజమునకు చోటు ఈయ మనసు లేదన్న మాటయే. నిజముగ ఇరుకైన సందులలో ప్రత్యేకపు బాట యక్కరలేదు. అచ్చట మోటారు వేగమును గంటకు 30 కిలోమీటర్లకు కట్టడి చేసినచో అందరును కలిసి పోవచ్చును.

సైకిలు త్రొక్కువారు తక్కువ గనుక బాట వ్యర్థమని మరికొందరందురు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టిరి. కట్టక మునుపు ఆ నేలలో పారుదల క్రింద ఎంత వరి పండుచున్నదో లెక్కవేసి, వరి లేదు గనుక కాలువ యక్కరలేదని సర్ ఆర్థర్ కాటన్ అనియున్నచో నేటి కోనసీమ యెచ్చట నుండును? నీరు వచ్చిన పిదప వరి వచ్చినది. దారి వచ్చిన పిదప సైకిలు వచ్చును. కాలువ క్రింద భూములు గల మా పాఠకులకు ఈ వాదమును ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు.

బాట వేసినచో వ్యాపారము చెడునని దుకాణదారులు భయపడుచున్నారు. ఒక కారు నిలుచు చోటున పది సైకిళ్ళు నిలుచును. కారులో వచ్చువాడొకడే కొనును; సైకిలుపై వచ్చువారు పదుగురు కొందురు. ఇక సైకిలువారు నియమములు పాటింపరను ఆక్షేపణ యున్నది. అందు కొంత నిజము గలదు. దీపము లేక పోవుట, ఎదురుదారిని పోవుట, కూడలిలో గుర్తులను లక్ష్యపెట్టకపోవుట తప్పులే. వాటిని మేము సమర్థింపము. కాని నియమములు పాటింపనివారు మోటారువారిలో తక్కువయా? వారి తప్పులను చూచి రోడ్డు వేయుట మానితిమా?

ఈ విషయమున బాలికల విద్యతో ముడిపడిన అంశమొకటి గలదు. 2006లో బీహారు ప్రభుత్వమువారు తొమ్మిదవ తరగతి చేరు బాలికలకు సైకిళ్ళ నిచ్చు పథకమును ప్రారంభించిరి. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించి, ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక సుమారు మూడవ వంతు పెరిగినదనియు, బాలురకును బాలికలకును గల అంతరము నూటికి 40 పాళ్ళు తగ్గినదనియు కనుగొనిరి. మన ఆంధ్రప్రదేశమునందును 2016-17 ప్రాంతమున బడికొస్తా యను పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచిరి. మంచిదే. కాని సైకిలు నిచ్చి దారి నీయకుండుట, నాగలి నిచ్చి నేల నీయకుండుట వంటిది. కూతురు జాతీయ రహదారిపై లారీల నడుమ సైకిలు త్రొక్కవలసి వచ్చినచో ఏ తండ్రి ధైర్యముగ పంపును? పశ్చిమ వంగదేశమున ఈ వైపరీత్యము మరింత స్పష్టముగ కనబడినది. 2013లో కలకత్తా నగరమున 174 వీధులలో సైకిలును నిషేధించిరి. 2015లో అదే రాష్ట్రమున పాఠశాల పిల్లలకు లక్షలకొలది సైకిళ్ళు పంచు పథకమును ప్రారంభించిరి. ఒక చేత నిచ్చి మరియొక చేత త్రోయుట యన నిదియే గదా!

దేశార్థికదృష్టితో చూచినను సైకిలు పక్షమే బలీయము. మనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశముల నుండి కొనుచున్నాము. పెట్రోలుపై పోయెడి ప్రతి రూపాయిలో కొంతభాగము సముద్రము దాటి పోవుచున్నది. సైకిలు మన కర్మాగారములలో తయారగు వస్తువు. 1949లో మదరాసు సమీపమున అంబత్తూరునందు, 1956లో లూధియానాయందు నెలకొన్న పరిశ్రమలు నేటికిని వేలమందికి అన్నము పెట్టుచున్నవి. సైకిళ్ళ తయారీలో చీనా తరువాత మన దేశమే లెక్కకు వచ్చును. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి సైకిలుపై వస్తుసేవల పన్నును నూటికి 12 నుండి 5కు తగ్గించుట హర్షింపదగినది. సైకిలు చౌకయైనది, ఇక దారి నిరపాయము కావలెను. ఇంటి డబ్బు ఇంటనే యుండి, గాలి చెడక, దేహము గట్టిపడు ప్రయాణసాధనము మరియొకటి యేది?

ఇప్పుడు చేయవలసిన దేమి? మొదట, ప్రతి పురపాలక సంఘమును తన పట్టణమున నే వీధిని ఏ వేళ నెందరు సైకిలుపై పోవుచున్నారో లెక్క తీయించి ఆ లెక్కను ప్రకటింపవలెను. మోటారులను మాత్రమే లెక్కించు కన్నులకు సైకిలు కానరాదు. రెండవది, ప్రతి యున్నత పాఠశాల చుట్టును మూడు కిలోమీటర్ల దూరమున మొదటి బాటలు వేయవలెను. పిల్లలకు నిరపాయమైన దారి అందరికిని నిరపాయమే. మూడవది, బస్సు నిలయములయందును, రైలు స్టేషనులయందును నామమాత్రపు రుసుమునకు సైకిలు నిలుపు తావులు, కావలి యుండవలెను. నాలుగవది, రోడ్డు క్రొత్తగ వేసినను, వెడల్పు చేసినను సైకిలు బాట లేని అంచనాకు మంజూరు ఈయరాదు. తరువాత అతికించుటకంటె ముందుగ కలుపుట చౌక. అయిదవది, రాష్ట్ర ప్రభుత్వములు రెండును సర్వోన్నత న్యాయస్థానమువారి ఆదేశానుసారము నియమములను సమగ్రముగ చేసి అమలుపరుపవలెను; ఆ నియమములు సైకిలును వీధినుండి తరుముటకు గాక కాపాడుటకై యుండవలెను.

కృష్ణా గోదావరి మండలములలో ప్రకృతియే మనకు సగము పని చేసి పెట్టినది. నేల చదునైనది, కాలువగట్లు ఊరినుండి ఊరికి తిన్నగ పోవుచున్నవి. విజయవాడ నగరమున ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ నగరమధ్యము గుండనే పోవుచున్నవి. వీలైనచోట్ల ఈ గట్లపై చెట్లనీడన సైకిలు బాట నేర్పరచినచో మోటారు రద్దీతో సంబంధము లేకయే నగరము నొక కొననుండి మరియొక కొనకు చేరవచ్చును. గట్లపై కాపురమున్న పేదలను వెడలగొట్టుటకు దీనిని సాకుగ చేసికొనరాదని గూడ హెచ్చరించుచున్నాము. పేదవాని దారికై పేదవాని యిల్లు కూల్చుట సంస్కరణము కాదు.

చివరకు మా పాఠకులతో రెండు మాటలు. ప్రభుత్వమును విమర్శించుట సులభము. మన వంతు నెరవేర్చుట కష్టము. పట్టణమున ఇల్లును దుకాణమును గలవారు మెట్లను, అరుగులను, బల్లలను వీధిలోనికి జరుపుట మానవలెను. తమ గుమ్మము ముందర కారు నిలుపుట తమ జన్మహక్కని తలంపరాదు. పల్లెలలో భూములు గలవారు కల్లము లేదను కారణమున రోడ్డుపై వడ్లను, మొక్కజొన్నను ఆరబోయుచున్నారు. రాళ్ళు పేర్చి సగము దారి మూయుచున్నారు. చీకటిలో ఆ రాయి తగిలి పడునది కారు కాదు, సైకిలు. ఊరుమ్మడి కల్లములను కోరి సాధించుకొనుట రైతుల హక్కు. అవి వచ్చువరకు సైతము ఒకరి ప్రాణమునకు ముప్పు తెచ్చు హక్కు ఎవరికిని లేదు. పురపాలక సంఘములకును, పంచాయతీలకును ఎన్నికలు వచ్చినప్పుడు ఓటు అడుగవచ్చిన ప్రతివానిని, మా పిల్ల బడికి సైకిలుపై పోవుటకు దారి యేదని ప్రశ్నింపుడు. సమాధానము లేనివానిని సమాధానము తెచ్చికొనువరకు త్రిప్పి పంపుడు.

స్వరాజ్యమనగా రాజధానులలో జెండా మారుట మాత్రమే కాదు. సామాన్యుడు తన వీధిలో నిర్భయముగ సంచరింపగలుగుట గూడ స్వరాజ్యమే. కారులో పోవు శ్రీమంతునకును, సైకిలుపై పోవు కూలివానికిని ప్రాణము విలువ సమానమని మన రాజ్యాంగము చెప్పుచున్నది. ఆ మాట మన రోడ్లపైని గూడ కనబడవలెను. మన పట్టణముల ప్రతినిధులు, ఇంజనీర్లు, పౌరులు కలిసి, వచ్చు ఆర్థిక సంవత్సరపు అంచనాలలోనే ఇందులకు తగిన ద్రవ్యమును కేటాయించి, పట్టణమునకు ఒక్క బాటయైనను బడి గుమ్మము వరకు ఎడతెగకుండ పూర్తిచేయుదురని ఆశించుచున్నాము. దినమునకు పదుముగ్గురు మరణించు దేశమున ఆలస్యమునకు వెల యెంతో లెక్కించుట కష్టము కాదు.